అయ్యగారి వల్ల గాయపడినవారికి తోడు నిలవడం ఎలా? విశాఖవాసులకు అంచెలంచెలుగా

ఆదివారం ఆరాధన అయ్యాక, అందరూ వందనాలు చెప్పుకుంటున్న గుంపులోంచి ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. "మా చెల్లికి వాళ్ల పాస్టర్ గారి దగ్గర ఏదో జరిగింది అక్కా. ఎవరికి చెప్పాలో తెలీటం లేదు." గాజువాక నుంచి అడిగారు, పెందుర్తి నుంచి అడిగారు, మా వీధిలోవాళ్లే అడిగారు. ప్రతిసారీ ముక్కలు ముక్కలుగా చెప్పే జవాబును ఈసారి వరసగా రాస్తున్నాను.

పాస్టర్, ఫాదర్, దైవజనుడు, ప్రవక్త, ఆయన్ని ఏ పేరుతో పిలిచినా సరే, దేవుని పేరును అడ్డం పెట్టుకుని మనిషిని లొంగదీసుకోవడం గురించే ఈ రాత. "నా మాట కాదంటే శాపం తగులుతుంది" అని బెదిరించడం, చాటుగా ఒప్పుకున్న సంగతిని ప్రసంగంలో బయటపెట్టడం, ప్రార్థన పేరుతో ఒంటి మీద చెయ్యి వేయడం, మందులు మాన్పించడం, దర్శనం వచ్చిందని పెళ్లి కుదర్చడమో చెడగొట్టడమో చేయడం, ఇంటి కాగితాలు సంఘం పేరున రాయించుకోవడం. ప్రశ్నించినవారిని వెలివేయడం కూడా ఇందులోదే.

ఒక్క సంగతి చివరిదాకా గుర్తుంచుకోండి. దేవుని తరఫున మాట్లాడుతున్నానన్న మనిషి, దెబ్బ తిన్న ఆమె నిర్ణయాలన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. మీరు వెళ్లి "ప్రభువు నాకు చెప్పాడమ్మా, నువ్వు కేసు పెట్టు" అన్నా, "నువ్వు క్షమించెయ్యి" అన్నా అదే పని ఇంకోసారి జరిగినట్టు. నిర్ణయం ఆమెది. దాని చుట్టూ ఉన్న బరువులు మోయడం మీ పని.

1. మొదటిసారి కలిసే ముందు

మిమ్మల్ని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న: ఆ పాస్టర్ గారితో మీకేమిటి? ఆయన మీ పెళ్లి చేశాడా, మీ తమ్ముడు ఆయన సంఘంలో కీబోర్డు వాయిస్తాడా, మీ అమ్మ ఆయన దగ్గరే ప్రార్థన చేయించుకుంటుందా? అలాంటి బంధం ఏదైనా ఉంటే మొదటి రోజే చెప్పేయండి. తర్వాత తెలిస్తే, మీరూ ఆయన మనిషే అనుకుంటుంది.

రెండోది చోటు. జ్ఞానాపురం, కంచరపాలెం లాంటి చోట్ల ఎవరింటికి ఎవరు వచ్చారో సాయంత్రానికి వీధంతా తెలిసిపోతుంది. ఆమె ఇంట్లోవాళ్లు అదే సంఘానికి వెళ్తుంటే ఆ ఇల్లు అసలు పనికిరాదు. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే, నడకకు వచ్చేవాళ్ల మధ్య ఒక బెంచీ చాలు. అలల హోరులో పక్కవాళ్లకు మాట వినపడదు, చుట్టూ జనం ఉండడంతో భయమూ ఉండదు. ఏ చోటు కావాలో ఆమెనే చెప్పనివ్వండి.

ఆడమనిషిని మగవాడు ఒంటరిగా కలవకూడదు. మీ ఉద్దేశం ఎంత మంచిదైనా సరే, ఆమెకు దెబ్బ తగిలింది తలుపు వేసిన గదిలోనే.

బయల్దేరే ముందు చూసుకోవలసినవి:
- ఆమె ఫోన్ ఇంకెవరైనా చూస్తారా? చూస్తే మెసేజ్‌లో విషయం రాయకండి. "కూరగాయలకు వస్తావా?" లాంటి మాట ఒకటి ముందే అనుకోండి.
- కనీసం రెండు గంటల ఖాళీ. మధ్యలో గడియారం చూడకూడదు.
- మంచినీళ్లు, ఆటో చార్జీ, చేతిరుమాలు.
- బైబిల్ తీసుకెళ్లకండి. ఆమె అడిగితే ఫోన్లో ఎలాగూ ఉంటుంది.

2. మొదటి గంట

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒకామె నా దగ్గర కూర్చుని రెండు వాక్యాలు చెప్పింది. నాకు గుండె ఆగినంత పనై, "ముందు ప్రార్థన చేద్దాం అక్కా" అని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆమె ముఖం గోడలా ఉంది. ఆరోజు ఇంకేమీ చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. వాళ్ల పాస్టర్ ఆమె మీద చెయ్యి వేసింది "ప్రార్థన చేద్దాం" అన్న మాటతోనేనని ఏడాది తర్వాత వేరేవాళ్ల ద్వారా తెలిసింది.

కాబట్టి వినండి. ఆమె కథ వరసగా రాదు. దశమభాగం (ఆదాయంలో పదో వంతు సంఘానికి ఇవ్వడం) దగ్గర మొదలై, కొడుకు జ్వరం మీదుగా, ఉపవాస కూటం రాత్రికి వెళ్లి అక్కడ ఆగిపోతుంది. ఆగనివ్వండి. "తర్వాత ఏమైంది?" అని తోడకండి.

అనదగిన మాటలు:
- "చెప్పినందుకు మంచిపని చేశావు."
- "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను."
- "ఇందులో నీ తప్పు లేదు."
- "ఇప్పుడు నీకేం కావాలి? ఏమీ వద్దన్నా పర్వాలేదు."

అనకూడనివి, ఎందుకంటే ఆమె వీటిని ఇప్పటికే చాలాసార్లు వింది:
- "అయ్యగారు అలాంటివారు కాదే!"
- "అంతసేపు ఎందుకు ఊరుకున్నావు?"
- "సంఘం పరువు పోతుంది, ఆలోచించు."
- "బయటివాళ్లకు ఇదే ఆయుధం అవుతుంది."

ఈ చివరి మాట మీద కొంచెం ఆగుతాను. మనది చిన్న సమాజం. మీద మాట పడుతుందన్న భయం నిజమైనదే, నాకూ ఉంది. కానీ ఆ భయం బరువును దెబ్బ తిన్న మనిషి భుజం మీద పెట్టడం అన్యాయం. సంఘానికి మచ్చ తెచ్చింది చేసినవాడు. చెప్పిన ఆమె కాదు.

విన్నది ఎవరికీ చేరవేయకండి, "ప్రార్థన అంశం"గా కూడా. మన దగ్గర రహస్యాలు ఎక్కువగా పారిపోయేది ఆ గుమ్మంలోంచే. ఎవరితోనైనా మాట్లాడక తప్పదనిపిస్తే ముందు ఆమెను అడగండి.

3. ఇవాళే తేల్చుకోవలసిన నాలుగు సంగతులు

మిగతావన్నీ నెమ్మదిగా చేయవచ్చు. ఇవి మాత్రం ఆ రోజే.

ప్రాణం మీద విరక్తి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టదు, ఉన్నది బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. వెంటనే ప్రమాదం ఉంటే 112. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు వెళ్లడానికి సిగ్గుపడతారు. తోడు వెళ్తే సగం సిగ్గు పోతుంది.

మానేసిన మందులు. "విశ్వాసం ఉంటే మాత్ర ఎందుకు?" అన్న మాట విని షుగరు, మూర్ఛ, టీబీ, మానసిక వ్యాధుల మందులు ఆపేసినవాళ్లను చూశాను. కొన్ని మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రాణానికే ముప్పు. పాత చీటీ పట్టుకుని అదే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీ అంతట మీరు పాత మోతాదు మొదలుపెట్టించకండి. తిడతారని భయపడుతుంది కాబట్టి డాక్టర్‌తో మీరే ముందు ఒక మాట చెప్పి ఉంచండి.

లైంగిక దాడి ఈ మధ్యే జరిగి ఉంటే. వైద్య పరీక్ష మొదటి 72 గంటల్లో జరిగితే మేలు. గర్భం రాకుండా, జబ్బులు సోకకుండా ఇచ్చే మందులకూ ఆ గడువే ముఖ్యం. బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు వెళ్లవచ్చు. ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా చికిత్స చేసి తీరాలని చట్టం చెబుతోంది. మహిళల సాయానికి 181.

18 ఏళ్లలోపు పిల్లలు. "నిర్ణయం ఆమెది" అన్న సూత్రం ఇక్కడ మాత్రం వర్తించదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పాలి. 2012 నాటి పోక్సో చట్టం సెక్షన్ 19 చెప్పేది అదే. చెప్పకపోతే సెక్షన్ 21 కింద 6 నెలల దాకా జైలు పడవచ్చు. "ముందు సంఘ పెద్దలం విచారించుకుంటాం" అన్నది చట్టం ముందు నిలవదు. మత సంస్థ నిర్వాహకుడో సిబ్బందో అక్కడి బిడ్డ మీద చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్ర నేరంగా చూస్తుంది. 1098కి ఫోన్ చేయండి. బిడ్డను పదేపదే అడిగి చెప్పించకండి. విన్నది విన్నట్టు రాసుకుని ఆపేయండి.

4. రాసి ఉంచడం, దాచి ఉంచడం

ఫిర్యాదు చేసేదీ లేనిదీ ఇంకా తేలకపోయినా ఈ పని చేసి ఉంచాలి. ఆరు నెలల తర్వాత మనసు మారితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

ఒక నోటు పుస్తకం కొనండి. ఆమె చెబుతుంటే ఆమె మాటల్లోనే రాయండి. "అసభ్యంగా ప్రవర్తించెను" లాంటి పోలీసు భాష వద్దు. తేదీ గుర్తు లేకపోతే ఆనవాలు రాయండి: "హుద్‌హుద్ తర్వాత రేకులు వేయించిన నెల", "బాబు పదో తరగతి పరీక్షల ముందు". అలాంటి గుర్తులే తర్వాత తేదీని పట్టిస్తాయి.

- వాట్సాప్ సంభాషణలు: స్క్రీన్‌షాట్లు, ఎక్స్‌పోర్ట్ రెండూ. మాయమయ్యే మెసేజ్‌ల సెట్టింగ్ ఆపండి.
- అసలు ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. కోర్టులో డిజిటల్ సాక్ష్యానికి ప్రత్యేక ధ్రువపత్రం కావాలి. అసలు పరికరం ఉంటే ఆ పని తేలిక.
- పేరు చెప్పి అవమానించిన ప్రసంగం యూట్యూబ్‌లో ఉంటే లింకు, తేదీ, ఎన్నో నిమిషమో రాసి, వీడియో దింపుకోండి. మర్నాటికి ఉండకపోవచ్చు.
- కానుకల రసీదులు, ఫోన్ పే చరిత్ర, బ్యాంకు స్టేట్‌మెంటు.
- నకళ్లు ఇంట్లో కాకుండా, ఆమె నమ్మే ఇంకొకరి దగ్గర.

అందరూ చేసే తప్పు ఒకటుంది. సాక్ష్యం కోసం ఆమెను మళ్లీ ఆయన దగ్గరికి పంపి రికార్డు చేయించాలనుకుంటారు. అది వద్దు. ఉన్న సాక్ష్యంతోనే ముందుకు వెళ్లవచ్చు.

5. సంఘం లోపల చెప్పాలనుకుంటే

కొందరికి పోలీసులు వద్దు, "ఇంకో అమ్మాయికి ఇలా జరక్కూడదు" అన్నదొక్కటే కావాలి. అప్పుడు ఆ సంఘంలో పాస్టర్ పైన ఎవరున్నారో ముందు తెలుసుకోవాలి.

కతోలికులైతే విచారణ గురువు (స్థానిక చర్చి ఫాదర్) పైన అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) ఉన్నారు. మన విశాఖ అగ్రమేత్రాసనమే (ఆర్చిబిషప్ పరిధి). పోప్ ఫ్రాన్సిస్ 2019లో తెచ్చి, 2023లో శాశ్వతం చేసిన నియమాల ప్రకారం ప్రతి మేత్రాసనంలోనూ ఫిర్యాదు తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఫిర్యాదు చేసినవారిని "ఎవరికీ చెప్పవద్దు" అని కట్టడి చేయకూడదని కూడా అందులో ఉంది. ఫిర్యాదు పీఠాధిపతి మీదే అయితే ఢిల్లీలోని పోపు రాయబారికి రాయవచ్చు. పాపసంకీర్తనంలో (గురువు దగ్గర పాపాలు ఒప్పుకునేటప్పుడు) జరిగింది బయట చెప్తే పాపమని భయపడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రహస్యపు ముద్ర గురువు నోటికే గానీ పాపం ఒప్పుకున్న మనిషి నోటికి కాదు.

సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం)లో పాస్టరేట్ (స్థానిక) కమిటీ, డయాసిస్ (బిషప్ పరిధి), బిషప్, ఆపైన చెన్నైలోని సినడ్ (కేంద్ర సభ). బాప్టిస్టు సంఘాల్లో స్థానిక సంఘమే తనకు తాను అధికారి కాబట్టి, అక్కడి డీకన్లను, పెద్దలను కదిలించకుండా పైకి రాసినంత మాత్రాన పని జరగదు.

స్వతంత్ర సంఘాలే కష్టం. స్థలం పాస్టర్ గారిది, కమిటీలో అమ్మగారు (ఆయన భార్య), బావమరిది, కొడుకు. పైన ఎవరూ ఉండరు. పాస్టర్ల ఫెలోషిప్‌కు చెబితే ఓదారుస్తారు గానీ ఆయన్ని ఆపే అధికారం వాళ్లకు ఉండదు. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే రిజిస్ట్రార్ దగ్గర పత్రాల నకలుకు దరఖాస్తు పెట్టండి. కమిటీలో ఎవరున్నారో తెలుస్తుంది. ఏమీ తేలకపోతే, ఈ దారి మూసుకుందని ఆమెకు ఉన్నమాట చెప్పండి. ఆశపెట్టి తిప్పకండి.

ఫిర్యాదు చేతికిచ్చి ఊరుకోకండి, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సమావేశానికి పిలిస్తే తోడు లేకుండా పంపకండి. అక్కడ మూడు ఉచ్చులుంటాయి: ఖాళీ కాగితం మీద సంతకం, "నాదే పొరపాటు" అని రాసిన క్షమాపణ పత్రం, ఆయనతో ముఖాముఖి కూర్చోబెట్టి చేయించే "రాజీ ప్రార్థన". మూడింటికీ ఒకటే జవాబు: "ఇంటికి తీసుకెళ్లి చదువుకుని చెబుతాం."

6. చట్టం దారిలో వెళ్లాలనుకుంటే

స్టేషన్ పరిధి గొడవ పెట్టుకోనక్కర్లేదు. జీరో ఎఫ్ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా రాయాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. రాయకపోతే పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపండి, ఆ తర్వాత మేజిస్ట్రేటు.

ఇక్కడ చాలామందికి తెలియని సెక్షన్ ఒకటుంది. భారతీయ న్యాయ సంహిత 354. "ఇది చేయకపోతే దేవుని ఆగ్రహం నీ మీద పడుతుంది" అని నమ్మించి మనిషితో చేయనక్కర్లేని పని చేయించడం, లేదా చేసే హక్కున్న పని మాన్పించడం నేరం. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 2024 జూలై 1కి ముందు జరిగిన వాటికి పాత శిక్షాస్మృతిలోని 508 వర్తిస్తుంది. రెండు మెలికలున్నాయి: మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు, పైగా మామూలుగా ఏడాదిలోపే కోర్టు దాకా వెళ్లాలి. అందుకే శాపాల బెదిరింపు గురించి విన్నప్పుడు మొదట తేదీ అడగండి.

సంఘం నడిపే బడిలో టీచరుగానో, ఆసుపత్రిలో నర్సుగానో పనిచేస్తూ లైంగిక వేధింపు ఎదుర్కొంటే 2013 నాటి పని ప్రదేశ చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి. లేనిచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. గడువు 3 నెలలు.

లాయర్ ఖర్చుకు భయపడకండి. స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి.

అదే లాయర్‌తో ఇంకో సంగతి చాటుగా మాట్లాడాలి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ-సీ. "ఫిర్యాదు చేస్తే ఎస్సీ సర్టిఫికెట్ సంగతి తవ్వుతారేమో" అన్న భయంతో నోరు మూసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ భయాన్ని పైకి అనలేరు. మీరే ఎత్తండి, కాగితం రాసేముందే సలహా తీసుకోండి.

ఫేస్‌బుక్‌లో ఆయన పేరు పెట్టి రాయాలన్న కోపం మీకే ముందు వస్తుంది. ఆగండి. పరువు నష్టం దావా ఆమె మీదికి వస్తుంది. అధికారం ఉన్నవారికి సదుద్దేశంతో చేసిన ఫిర్యాదుకు చట్టంలో రక్షణ ఉంది, పోస్టుకు అంత సులువుగా ఉండదు. లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడమే నేరం, అది మీరు చేసినా సరే.

7. డబ్బు, ఆస్తి

ఇచ్చిన కానుకలు తిరిగి రావడం కష్టం. ముందే చెప్పేయండి. ఇల్లో స్థలమో గిఫ్టు డీడుగా రాసి ఉంటే సంగతి వేరు. ఆధ్యాత్మిక అధికారంతో మనసు వంచి రాయించుకున్నది కాంట్రాక్టు చట్టంలోని "అనుచిత ప్రభావం" కిందికి రావచ్చు, కోర్టులో రద్దు కోరవచ్చు. విషయం తెలిసినప్పటి నుంచి 3 ఏళ్లే గడువు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల పత్రం) తీసి, ఎవరి పేరున ఉందో ఈ వారమే చూడండి. దశమభాగం కోసం అప్పు చేసి ఉంటే ముందు ఆ దశమభాగం ఇవ్వడం ఆపించి, వడ్డీ లెక్క కాగితం మీద పెట్టండి.

8. వెలివేసినప్పుడు

బయటికి వచ్చిన మర్నాడే ఫోన్లు ఆగిపోతాయి. వాట్సాప్ గ్రూపులోంచి తీసేస్తారు. ఇరవై ఏళ్ల స్నేహితురాలు మార్కెట్లో ముఖం తిప్పుకుంటుంది. దీనికి మందు లేదు, మనుషులే కావాలి. వారానికొకరు చొప్పున ముగ్గురిని పోగెయ్యండి: ఒకరు భోజనానికి పిలవాలి, ఒకరు పిల్లల్ని ట్యూషన్‌కు దింపాలి, ఒకరు ఊరికే పక్కన కూర్చోవాలి.

పెళ్లి సర్టిఫికెట్, బాప్తిస్మపు పత్రం లాంటివి బయటికి రాకముందే నకళ్లు తీసుకోవడం మంచిది. ఇంట్లో ముసలివాళ్లుంటే సమాధి స్థలం గురించిన బెంగ ఉంటుంది. వేరే సంఘంతోనో, సంఘంతో సంబంధం లేని శ్మశానవాటికతోనో ముందే మాట్లాడి పెట్టండి. చావింట్లో ఆ బేరం ఎవరికీ వద్దు.

9. వాక్యం గురించి అడిగితే

అడిగితేనే. చాలామంది కొన్నాళ్లపాటు బైబిల్ తెరవలేరు, మైకులో హల్లెలూయ వినపడినా ఒళ్లు వణుకుతుంది. అది విశ్వాసం పోవడం కాదు. పోయినా, అది మీరు దిద్దాల్సింది కాదు.

ఆమెను కట్టేసిన వాక్యాలు మాత్రం తరచూ రెండే ఉంటాయి. "అభిషిక్తుణ్ణి ముట్టకూడదు" అన్నది, అంటే దేవుడు ఏర్పరచుకున్నవారి జోలికి వెళ్లవద్దన్నది, కీర్తన 105లోది. పైకి కిందికి చదవండి. కొద్దిమందిగా, పరాయి దేశంలో తిరుగుతున్న అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల కోసం దేవుడు రాజులను హెచ్చరించిన సందర్భం అది. దిక్కులేనివారిని బలవంతుల నుంచి కాచిన మాట. రెండోది మత్తయి 18, "ముందు ఒంటరిగా వెళ్లి అతనితో మాట్లాడు." అది సహోదరుడికీ సహోదరుడికీ మధ్య సంగతి. పెద్ద మీద ఫిర్యాదు వస్తే ఏం చేయాలో 1 తిమోతి 5లో విడిగా ఉంది: సాక్షులతో వినాలి, పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించాలి.

10. నెలలు గడిచాక

మొదటి నెలలో అందరూ ఉంటారు. నాలుగో నెలలో ఎవరూ ఉండరు. మీ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి: పదిహేను రోజులకోసారి ఒక ఫోను, కోర్టు వాయిదా తేదీలు, జరిగిన రోజు తిరిగి వచ్చే నెల.

మీకూ నిద్ర పట్టదు. ఒకేసారి ఇద్దరికి మించి భారం ఎత్తుకోకండి. పేర్లు చెప్పకుండా మీ బరువు దించుకోవడానికి ఒక మనిషిని చూసుకోండి. ఆమె దగ్గర డబ్బు తీసుకోకండి, కృతజ్ఞతగా ఇచ్చినా సరే.

పండగ రోజులకు ముందుగానే సిద్ధపడాలి. శుభ శుక్రవారం, క్రిస్మస్, అన్నిటికన్నా ఎక్కువగా డిసెంబరు 31 రాత్రి. ఊరంతా ఆరాధనకు వెళ్తుంది, పన్నెండు దాటాక వాగ్దానం కార్డులు (కొత్త ఏడాదికి బైబిల్ వాక్యం రాసినవి) పంచుతారు, ఆమె చేతిలో ఏదీ ఉండదు. వారం ముందే అడగండి: ఎక్కడ ఉండాలనుకుంటోంది, ఎవరు ఉండాలి, టీవీ ఉండాలా వద్దా. మీ ఇంటికి వస్తానంటే వంట ఎక్కువ చేయండి. ఆరాధనకు వెళ్లాల్సిన మీ ఇంట్లోవాళ్లను వెళ్లనివ్వండి. మీరు మాత్రం ఆ రాత్రి ఇంట్లోనే ఉండండి.